ఎండ కాసినా మ్యాచ్ వాయిదా

కెనడాలోని సస్కటూన్‌లో మాస్టర్స్ చదవడానికి వచ్చిన మొదటి చలికాలం. మా తెలుగు కుర్రాళ్ల ఫుట్‌బాల్ జట్టుకు నేను గోల్‌కీపర్ని. మొదటి మ్యాచ్‌లో గోల్స్ కాస్త ధారాళంగా వదిలాను. ఆ తర్వాత ప్రతి శనివారం కెప్టెన్ నరేష్ అన్న "వెదర్ బాలేదు, మ్యాచ్ పోస్ట్‌పోన్" అని గ్రూపులో మెసేజ్ పెట్టసాగాడు. నన్ను తప్పించి వేరే కీపర్‌తో రహస్యంగా ఆడుతున్నారని నా అనుమానం.

ఒక శనివారం కిటికీలోంచి చూస్తే మా అనంతపురంలో కాసేటంత ఎండ. మెసేజ్ మాత్రం మామూలే. దొంగ దొరికాడనుకుని, పలుచటి జాకెట్‌తో, టోపీ కూడా లేకుండా గ్రౌండ్‌కు వెళ్లాను.

అక్కడ మంచు తప్ప ఎవరూ హాజరు కాలేదు. కాసేపటికి కనురెప్పలు అతుక్కున్నాయి. చెవులున్నాయో లేదో తడుముకుందామంటే వేళ్లు సహకరించలేదు. తిరిగి బస్‌స్టాప్ దాకా నడవలేనని అర్థమై నిజంగా భయమేసింది.

అంతలో నరేష్ అన్న కారు వచ్చి ఆగింది.

"ఎక్కురా! ఎండ జూసి మోసపోయినవా? ఈడ మబ్బు లేకుంటెనే చలి ఎక్కువ."

"నేనిక్కడున్నానని ఎలా తెలుసన్నా?"

"మెసేజ్‌కి అందరు ఓకే పెట్టిండ్రు, నువ్వు తప్ప. పోయినేడు నేను గూడ పెట్టలే," అంటూ తన చెవి అంచున చలికి చర్మం మాడిన నల్లమచ్చ చూపించాడు.

నా చెవులు దక్కాయి. మంచు కరిగాక మాత్రం కీపర్ని మార్చారు. నా అనుమానం తప్పేమీ కాదు, కాస్త తొందరపడిందంతే.