మాదాపూర్ రేకుల షెడ్డులో అగాపే విందు

"కొత్తగా కట్టారట కదమ్మా ఆ గుండ్రటి అద్దాల భవనం, ఆదివారం ఓసారి చూసొద్దామా" అని మా నాన్నగారు అడిగినప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ తెలుగు పండితుడిగా ఉన్న మనిషి. భవనం అనే మాటకి పర్యాయపదాలు అడగండి, గుక్క తిప్పుకోకుండా చెబుతారు. అంతే తప్ప ఫలానా భవనం చూడాలని ముచ్చటపడగా నేనెప్పుడూ చూడలేదు. చార్మినార్‌కి తీసుకెళ్తానంటేనే "పుస్తకాల్లో చూశాంలే" అన్నవారు, మాదాపూర్ రాళ్లగుట్టల్లోకి ఎండన పడి వస్తానంటున్నారంటే దాని వెనక వేరే కథ ఉండాలి. ఉంది కూడా. ఆ భవనం వెనకే మా చెల్లెలు వసంత వెళ్లే ప్రార్థనా మందిరం ఉంది.

ఇది తొంభైల చివరి సంగతి. నేను ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాని, నాన్నగారితో కలిసి కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఉండేదాన్ని. అంతకు రెండేళ్ల ముందు వసంత ప్రభుదాస్‌ని పెళ్లి చేసుకుంది. అతను ఒక కట్టుబడి కంపెనీలో ప్లాన్లు గీసే ఉద్యోగి, పాలమూరు వైపు క్రైస్తవుల అబ్బాయి. పెళ్లి రోజున నాన్నగారు కోపం పట్టలేక, "మీ ఇంట మెతుకు ముట్టను, మీవాళ్ల చేతి నీళ్లు కూడా తాగను" అనేశారు. కోపం ఆర్నెల్లలో చల్లారిపోయింది గానీ మాట మాత్రం గడపకి అడ్డంగా అలాగే ఉండిపోయింది. దాన్ని ఎలా తీయాలో అన్నవారికీ తెలియలేదు, విన్నవారికీ తెలియలేదు. వసంత రెండుసార్లు పిలిచింది, ఈయన వెళ్లలేదు. మూడోసారి నా ఆఫీసుకి ఫోన్ చేసి, "ఈ ఆదివారం మా సంఘంలో ప్రేమ విందు. నాన్నని తీసుకురా అక్కా. ఇదే ఆఖరుసారి, ఇంక నేను పిలవను" అంది. అది అన్నంత పనీ చేసే రకం. ఆ తండ్రికి ఆ కూతురు. ఆ సాయంత్రం వంకాయలు తరుగుతూ ఎవరికో చెబుతున్నట్టు ఆ సంగతి గోడకి చెప్పాను. నాన్నగారు పేపర్లోంచి తల ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నే ఆయనకి అద్దాల భవనం మీద మోజు పుట్టింది.

ఆదివారం ఇడ్లీలు తిని, ఎనిమిదిన్నర దాటాక బయల్దేరాం. అప్పటికి మాకు తెలిసిన దారి ఒక్కటే. బొంబాయి రోడ్డు మీద సిటీ బస్సెక్కి మదీనాగూడ దాకా వెళ్లి, అక్కడ ఆటో మాట్లాడుకుని హఫీజ్‌పేట రైలు గేటు దాటి కొత్తగూడ మీదుగా మాదాపూర్ చేరడం. నాన్నగారి చేతిలో గొడుగు, భుజాన సంచి. సంచిలో మంచినీళ్ల సీసా, నాలుగు అరటిపళ్లు. దారిలో ఆకలేస్తే ఉంటాయన్నారు. పిలిచిన చోట భోజనం చేసేవాళ్లెవరైనా అరటిపళ్లు మోసుకెళ్తారా? ఆ సంచి చూడగానే నా ప్రాణం ఉసూరుమంది.

మదీనాగూడలో ఆటో అతను అరవై అడిగి నలభై ఐదుకి ఒప్పుకున్నాడు. "గుండు బిల్డింగేనా సాబ్? ఆదివారమొస్తే జనమంత గాడికే పోతున్నరు. లోపలికి ఇడువరు, బయటికెల్లే చూసొస్తరు" అన్నాడు. లోపల ఏం చేస్తారయ్యా అని నాన్నగారు అడిగితే, అందరూ చలి మిషన్ల కింద కూర్చుని టైపు కొడతారని విన్నానన్నాడు. రైలు గేటు పడి ఉండటంతో అక్కడ చాలాసేపు ఆగాం. గేటు దాటాక ఇళ్లు పలచబడి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండలు మొదలయ్యాయి. కొత్తగూడ దాటేసరికి దుమ్ము మా ఇద్దరి జుట్టుకీ ఒకే రంగు వేసింది. మాదాపూర్‌లో మాత్రం రోడ్డు ఒక్కసారిగా వెడల్పై, మధ్యలో నీళ్లు పోసి పెంచుతున్న మొక్కలతో పెళ్లివారిల్లులా ఉంది.

భవనం నిజంగానే బాగుంది. గేటు బయట కుటుంబాలు కుటుంబాలుగా నిలబడి ఫోటోలు తీయించుకుంటున్నారు. నాన్నగారు గొడుగు నీడలోంచి కాసేపు తల ఎత్తి చూసి, "బాగుంది" అని ఒక్క ముక్క అన్నారు. ఆ వెంటనే, "వసంత వాళ్ల మందిరం ఏ పక్కకి?" అన్నారు. నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఆ సమయంలో నవ్వితే మొదటికే మోసం వచ్చేది.

భవనం వెనక మట్టిదారిలో పది నిమిషాలు నడిస్తే కూలీల గుడిసెలు, ఆ చివర నీలం రంగు వేసిన రేకుల షెడ్డు. గుమ్మం మీద గుడ్డ కట్టి, ఎర్ర రంగుతో "అగాపే ప్రేమ విందు, అందరికీ ఆహ్వానం" అని రాశారు. గుమ్మంలోనే వసంత నిలబడి ఉంది. కాస్త చిక్కింది. నాన్నగారు దాని ముఖం చూడలేక గుడ్డ మీది అక్షరాలు చూశారు.

"అగాపే. ఇదేం భాష?" అన్నారు. రెండేళ్ల తర్వాత కూతురితో మాట్లాడిన మొదటి మాట అది.

"గ్రీకు నాన్నా. లేఖనాల్లో దేవుడి ప్రేమకి వాడిన మాట" అంది వసంత, ఆయనలాగే గుడ్డకేసి చూస్తూ. తర్వాత పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. గ్రీకులో వలపుకి ఒక మాట, స్నేహానికి ఒకటి, ఇంటివాళ్ల మమకారానికి ఒకటి ఉన్నాయట. అగాపే అంతకుముందు ఎవరూ పెద్దగా పట్టించుకోని మాటట. తొలినాళ్ల విశ్వాసులు దాన్ని తీసుకుని, ఎదుటివాడు అర్హుడా కాడా, తిరిగి ప్రేమిస్తాడా లేదా అని చూడకుండా తానే ముందు మొదలుపెట్టే ప్రేమకి పేరుగా పెట్టుకున్నారట. ఆ మాటల మధ్య గీత గీసినట్టు హద్దులేమీ ఉండవనీ, ఒకదాని చోట ఇంకొకటి వాడిన సందర్భాలూ ఉన్నాయనీ కూడా చెప్పింది. పండితుడి కూతురు కదా, మినహాయింపు చెప్పకుండా సూత్రం చెప్పదు. "వాళ్లంతా కలిసి తినే భోజనానికి కూడా ఇదే పేరు" అని ముగించింది.

"మనకి వాత్సల్యం ఉంది. వత్సం అంటే దూడ. ఈనగానే ఆవు దూడ ఒంటి మీది మురికంతా నాకుతుంది చూడు, అదే వాత్సల్యం" అన్నారు నాన్నగారు.

"ఆవు తన దూడనే నాకుతుంది నాన్నా. ఇది పక్కింటి దూడని కూడా."

తన దూడనే దగ్గరికి రానివ్వని ఆవు సంగతి ఆ గుమ్మంలో ఎవరూ ఎత్తలేదు. చెప్పులు విడిచి లోపలికి వెళ్లాం.

ఇలాంటి చోటికి మొదటిసారి వెళ్లేవాళ్ల కోసం చెబుతున్నాను. ఆరాధన పదిన్నరకి మొదలైంది. నేల మీద చాపలు, మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు. ఆడవాళ్లంతా కొంగు తల మీదికి కప్పుకున్నారు, నేనూ కప్పుకున్నాను. పాటలు, డప్పు, ఆ తర్వాత పాస్టరుగారి ప్రసంగం. ప్రసంగం సగంలో నేను లేచి వెనక వంటచోటికి వెళ్లాను. వసంత అత్తగారు ఎస్తేరమ్మ గుండిగలో పప్పుచారు కలుపుతోంది. విందంటే కోడికూర వాసన వస్తుందనుకున్నాను. అన్నం, గుత్తివంకాయ, పప్పుచారు, పెరుగు తప్ప ఇంకేమీ కనబడలేదు. అదే అడిగితే ఆమె గరిటె ఆపకుండానే, "మీ నాయిన వస్తడో రాడో మాకేం ఎరుక బిడ్డా. వస్తే, ఆయన ముంగట నీసు పెట్టొద్దు గద. అందుకే ఇయ్యాల అందరికి కూరగాయలే" అంది. వారమంతా మట్టి మోసి ఆదివారం ముక్క కోసం ఎదురుచూసే మనుషులు, తమ మెతుకు ముట్టనన్న ఒక్క మనిషి కోసం ముక్క మానుకున్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొయ్యి పొగ అడ్డం పెట్టుకుని తుడుచుకున్నాను.

ఆమే తమ వడ్డన పద్ధతి కూడా చెప్పింది. ఆ సంఘంలో విందు రోజున ఎవరూ తమకి తాము వడ్డించుకోరు, తమ ఇంటివాళ్లకీ వడ్డించరు. అన్నం బేసిన్ వరుసలో చేతులు మారుతూ వెళ్తుంది. ఎవరి కుడిపక్క మనిషికి వాళ్లు వడ్డించాలి. తన ఆకు ఎడమపక్క మనిషి చేతిలో ఉంటుంది. ఇది నాన్నగారికి వసంత చెప్పి ఉంటుందని నేను అనుకున్నాను, నేను చెప్పి ఉంటానని వసంత అనుకుంది. ఎవరం చెప్పలేదు.

ఒంటిగంటకి బంతి వేశారు. మగవాళ్ల వరుసలో నాన్నగారికి కుడిపక్కన వసంత మామగారు దేవయ్య మేస్త్రీ కూర్చున్నారు. ఆ చుట్టుపక్కల గోడల్లో సగం ఆయన కట్టినవేనని చెబుతారు. "వందనాలు సార్" అన్నారాయన. "నమస్కారమండి" అన్నారీయన. తర్వాత ఇద్దరూ ఎదుటి రేకుల గోడని శ్రద్ధగా చూశారు. ఎడమపక్కన జాన్ అనే సెక్యూరిటీ గార్డు. బేసిన్ జాన్ చేతికి వచ్చింది. అతను గరిటె ఎత్తి, నాన్నగారి ఆకు మీదికి తెచ్చి ఆగిపోయాడు. మెతుకు ముట్టనన్న మాట ఆ షెడ్డులో అందరికీ తెలుసు. మేస్త్రీ వద్దన్నట్టు మెల్లగా తల ఊపారు. పెద్దమనిషి ఒట్టు పెట్టుకున్నాడు, నలుగురిలో అన్నం వడ్డించి ఆయన్ని ఇరుకున పెట్టడం మర్యాద కాదని వాళ్ల ఉద్దేశం. జాన్ ఆయన కోసం విడిగా తెచ్చి ఉంచిన రెండు అరటిపళ్లు ఆ ఆకు పక్కన పెట్టి, బేసిన్‌ని మేస్త్రీకి అందించాడు.

నాన్నగారి ముఖం ఎర్రబడటం ఆడవాళ్ల వరుసలోంచి నాకు కనిపించింది. ఆయన తినడానికే వచ్చారు. రెండేళ్లుగా ఎవరైనా వడ్డిస్తే చాలు, మాట దానంతట అదే చెల్లిపోతుందని చూస్తున్న మనిషి. బంతిలో కూర్చున్న అతిథి ఆకు ఖాళీగా వదలడమంటే మా వైపు అంతకు మించిన అవమానం లేదు. అలాగని నోరు తెరిచి అడగడమూ మా ఇంటా వంటా లేదు. ఆయన చెయ్యి గొడుగు కోసం తడుముకుంది. నా పక్కనున్న వసంత కూడా చూసింది. వెళ్లి చెప్పవే అని మోచేత్తో పొడిచాను. అది కదల్లేదు. "ఆయన మాట ఆయనే తీసుకోవాలి అక్కా. నేను బతిమాలితే తిన్నట్టు కాదు" అంది.

ప్రార్థన అయింది, అందరూ ముద్ద కలిపారు. నాన్నగారు గొడుగు పట్టుకుని సగం లేచారు. లేస్తూ పక్కకి చూశారు. మేస్త్రీ ఆకులో కూడా అన్నం లేదు. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని నిమ్మళంగా కూర్చుని ఉన్నారు.

"మీరు తినరా?" అన్నారు నాన్నగారు.

"నా ఆకు మీ చేతుల ఉన్నది సార్. ఎడమదిక్కు కూసున్నోళ్లు వడ్డిస్తేనే తినాలె, మా కాడ పద్ధతి గట్ల. మీరేమో ముట్టనని మాట మీదున్నరు. మీరు జర ఫికర్ చెయ్యకుండ్రి, నేను ఇంటికాడ తింట."

నాన్నగారు అలాగే వంగి నిలబడిపోయారు. తన ఆకు ఖాళీగా ఉందని ఇంతసేపూ మండిపడిన మనిషికి, తన మూలాన ఇంకొకరి ఆకు ఖాళీగా ఉందని అప్పుడు తెలిసింది. గొడుగు కింద పెట్టేశారు. పంచె సర్దుకుని మళ్లీ కూర్చుని, బేసిన్ ఇటు ఇమ్మని చెయ్యి చాచారు. మేస్త్రీ ఆకులో అన్నం పెట్టారు, వంకాయ పెట్టారు, పప్పుచారు పోశారు. పోస్తుంటే సగం ఆకు దాటిపోయింది. మేస్త్రీ మాత్రం ముద్ద కలపలేదు. "మీ ఆకు ఉత్తగుంటే నాకెట్ల దిగుతది సార్" అన్నారు.

నాన్నగారు జాన్ వైపు తిరిగి, "బాబూ, నాకూ వడ్డించు. ఆ మాట అన్నది నేను, వెనక్కి తీసుకునేదీ నేనే" అన్నారు. క్లాసులో వెనక బెంచీ దాకా వినబడే గొంతు అది, షెడ్డంతా వినబడింది. వసంత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఏం దాచను. నాన్నగారు మారు అడిగి వేయించుకోవడమే కాదు, ఆ గుత్తివంకాయలో వేసిన పొడి ఏమిటని ఎస్తేరమ్మని అడిగారు కూడా. ఇంట్లో నా వంకాయ కూరని ఆయన ఒక్కసారీ అలా అడగలేదు.

నాలుగింటికి మేస్త్రీ మాతో పాటు రోడ్డు దాకా వచ్చి ఆటో ఎక్కించారు. రైలు గేటు దగ్గర ఆగినప్పుడు నాన్నగారు సంచిలోంచి అరటిపళ్లు తీసి డ్రైవర్‌కి ఇచ్చి, "తిను నాయనా, మాకు అక్కడ కడుపు నిండిపోయింది" అన్నారు. ఆ పై నెలలో వసంత ఇంట్లో భోంచేశాం. ఆ తర్వాత లెక్క పెట్టుకోలేదు.

ఆ షెడ్డు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో ఏదో అద్దాల మేడ లేచింది, సంఘం పుప్పాలగూడ వైపు వెళ్లిపోయింది, విందు మాత్రం మానలేదు. అగాపే మీద ఆ తర్వాత నేను చాలా ప్రసంగాలు విన్నాను, అన్నీ మంచివే. నాకు మాత్రం ఆ మాట వినగానే మా నాన్నగారి కోసం కోడికూర మానుకున్న ఆ మనుషులు గుర్తొస్తారు, ఖాళీ ఆకు ముందు నిమ్మళంగా కూర్చున్న మేస్త్రీ గుర్తొస్తారు. వాళ్లు ముందు మొదలుపెట్టారు. మేము ఆలస్యంగా అందుకున్నాం, అయినా అందుకున్నాం. నాన్నగారు బతికి ఉన్నన్నాళ్లూ ఏ విందుకి వెళ్లినా వెతుక్కుని మరీ మేస్త్రీకి ఎడమపక్కనే కూర్చున్నారు.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క మాట. ఇప్పుడు దారి బెంగ లేదు, కూకట్‌పల్లి నుంచి ఆ వైపు బస్సులున్నాయి, కొంత దూరం మెట్రో కూడా ఉంది. దారిలో తినడానికేమీ పట్టుకెళ్లకండి. బంతిలో కూర్చోగానే మీ ఆకు చూసుకోకండి, కుడిపక్క ఆకు చూడండి. మీ ఆకు సంగతి ఎడమపక్కవాళ్లు చూసుకుంటారు.