షిఫ్టు యాప్‌కి నేను పెట్టిన సైరన్

గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసనంతా చెప్పుల్లేకుండా రోడ్డెక్కించిన మొనగాణ్ణి నేనే. ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకైతే తలుచుకుంటే ఇప్పటికీ తలెత్తబుద్ధి కాదు.

గని కార్మికుల కోసం షిఫ్టు అలారం యాప్ ఒకటి రాశాను. కోడ్ అందరికీ తెరిచిపెట్టాను. ఎవరైనా మార్పులు రాసి పంపొచ్చు, చేర్చాలా వద్దా అన్నది మాత్రం నా ఇష్టం. ఆ కాస్త అధికారానికే నేను జనరల్ మేనేజర్‌నైపోయాను. అలారానికి అచ్చం గని సైరన్ మోత పెట్టుకుని మురిసిపోయాను.

ఒకరోజు ఆ కోడ్ పేజీలో 'బొగ్గుపిట్ట' అనే పేరుతో ఎవరో రాశారు. "అన్నా, సైరన్ బదులు వేరే మోత పెట్టుకునే వీలుండాలె. టైము కాని టైముల సైరన్ మోగితే గనిల ఏమన్న అయిందని ఇండ్లల్ల భయపడతరు. కోడ్ నేనే రాసి పంపుతున్న."

చదివింది సగమే. జవాబు మాత్రం నిండుగా ఇచ్చాను. "ఇది మా ప్రాజెక్టు ఉద్దేశంలో లేదు. ఈ అభ్యర్థనను మూసేస్తున్నాం." మేమంటే ఎవరనుకున్నారు? నేనూ, నా కుర్చీ.

"ఒక్కసారి ఆలోచించు అన్నా" అని మళ్ళీ వచ్చింది. నాకే ఆలోచన నేర్పుతారా అని పౌరుషం పొడుచుకొచ్చింది. సైరన్‌ని ఇంకా గట్టిగా మార్చి, పెద్ద స్పీకరుకు తగిలించి, మిట్టమధ్యాహ్నం కిటికీలో పెట్టి మోగించాను.

తలుపులు దబదబా తెరుచుకున్నాయి. పక్కింటి నూర్జహాన్ చిన్నమ్మ కాలే తారు మీద ఒట్టి కాళ్ళతో గని వైపు పరిగెత్తుతోంది. వాళ్ళాయన ఫస్టు షిఫ్టులో గని లోపలున్నాడు. ఆమె వెనకే మిగతా ఆడవాళ్ళు.

నేనూ పరిగెత్తి అడ్డం పడ్డాను. "చిన్నమ్మా, ఆగు. గనిల ఏం కాలే. నేనే మోగించిన."

"మీ కాక మంచిగున్నడా?"

"మంచిగున్నడు. అది నా ఫోను."

ఆమె రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది. ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఇంతలో ఆమె కూతురు షబానా, తల్లి చెప్పులు పట్టుకుని వచ్చింది. "బొగ్గుపిట్టను నేనే అన్నా."

"పక్కింట్లనే ఉన్నవ్ గద, నాతోని ఒక్క మాట చెప్తే అయిపోతుండె."

"ఎదురుంగ అడిగితే మొహమాటానికి ఒప్పుకుంటవ్. అక్కడైతే మంచిగ చదివి ఒప్పుకుంటవనుకున్న."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె కోడ్‌ని ఆ సాయంత్రమే చేర్చాను. చిన్నమ్మ పాదాల బొబ్బలు మానడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

ఇకపై ఎవరేం అడిగినా, కాదనే ముందు వాళ్ళ గుమ్మం ఎక్కి ఎందుకని కనుక్కుంటానని బొగ్గు చేతిలో పట్టుకుని ఒట్టు వేశాను. నిన్న బ్రెజిల్ నుంచి ఒకాయన ఏదో మార్పు కావాలన్నాడు. పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టాను.