కారు కింద దిమ్మెలు

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా గని కాలనీ మొత్తానికి ఒకటే కారు. అది మా కాకది, అంటే మా నాయన తమ్ముడిది; కిరాయికి తిప్పే పాత తెల్ల కారు. పెండ్లికైనా, పురిటికైనా, దవాఖానకైనా అదే కదలాలి.

ఆ రోజు అందులో మా అమ్మను పడుకోబెట్టారు. జ్వరం ముదిరి పొద్దున్నుంచి మాట పడిపోయింది. ఇక్కడి డాక్టరు చూసి, జల్దీగా కరీంనగర్ తీసుకుపొమ్మన్నాడు. దవాఖాన బండి అప్పటికే ఇంకెవరినో తీసుకుని వెళ్ళిపోయింది. నాయన మొదటి షిఫ్టుకు గనిలో దిగి ఉన్నాడు. కబురు పంపారు గానీ, ఆయన పైకి వచ్చేదాకా ఆగే స్థితి లేదు. కాక, అమ్మను కన్న మా తాత, నేను బయలుదేరాం.

కాలనీ దాటకముందే చక్రం గుంతలో పడింది. అడుగున ఠంగుమంది. ఆ తర్వాత ఏదో నేలకు రాసుకుంటున్న చప్పుడు. కాక దిగి, వంగి చూసి, నెత్తి కొట్టుకున్నాడు. గేరుబాక్సును కింద బిగించి ఉంచే స్టడ్డు, అంటే తల లేని బోల్టు, విరిగిపోయింది. గేరుబాక్సు ఒక పక్కకు వేలాడుతోంది. అట్లాగే నడిపితే దారిలో ఎక్కడో ఊడి పడుతుంది. విరిగిన ముక్కను తిప్పి తీసి, డిక్కీలో ఉన్న కొత్తది బిగించడం తప్ప వేరే దారి లేదు.

పక్కింటి అక్క మంచం తెచ్చి వేసింది. అమ్మను దించి దాని మీద పడుకోబెట్టి, నా చేతికి తడిబట్ట ఇచ్చారు. కాక జాకీతో కారును లేపి కిందికి దూరబోతుంటే తాత అతని రెక్క పట్టుకున్నాడు.

"ఆగు బిడ్డా. దిమ్మెలు పెట్టినంక పో."

"జాకీ ఉన్నది గద మామా! వదిన కండ్లు ఎట్ల తేలేసిందో చూడు!"

"జాకీ లేపనీకే. మీద పడ్డది మొయ్యనీకి కాదు."

తాత గనిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టడం, చెక్క దిమ్మెలు పేర్చడం ఆయన పని. కొత్త చోట ఎవరు అడుగు పెట్టాలన్నా ముందు ఆయన ఇనుప కడ్డీతో కప్పును తట్టి, ఆ చప్పుడు విని, సరే అనాలి. అప్పటిదాకా ఎంత తొందర పనైనా అందరూ ఇవతలే నిలబడేవారట.

ఇండ్ల పెరళ్ళలో పొయ్యి కోసం దాచుకున్న మొద్దులను ఆయన అడిగి తెప్పించాడు. గుండ్రటివి పక్కకు నెట్టాడు. చదునుగా ఉన్నవాటిని రెండు నిలువు, రెండు అడ్డం, మళ్ళీ రెండు నిలువు పేర్చుకుంటూ పోయాడు. ఒక పక్క అయ్యాక రెండో పక్క. ప్రతి దిమ్మెను సుత్తితో తట్టి చెవి పెట్టి విన్నాడు. అప్పటికి చుట్టూ జనం చేరారు.

"ముసలాయన రిటైరైనా ఇంకా గనిలోంచి బయటికి రాలేదే!" అంది పక్కింటి అక్క. "కన్నబిడ్డ పానం పోతుంటే గూడు కడుతుండు. ఏం గుండె అయ్యా నీది?"

తాత తల ఎత్తలేదు. "నా బిడ్డనే గదమ్మా. నాకు ఎరుక లేదా?" అన్నాడు. "వీనికి పెండ్లాం ఉన్నది, చిన్న పోరి ఉన్నది. వాళ్ళకు నేనేం జవాబు చెప్పాలె?"

ఆయన ఇంకో దిమ్మె ఎత్తి పెట్టాడు. మంచం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే ఆ పని చేయలేడని నాకు పెద్దయ్యాక తెలిసింది.

కాక కిందికి దూరాడు. విరిగిన ముక్క మీద కిరోసిన్ పోసి, ఆకురాయితో రెండు వైపులా అరగదీసి, పానాకు పట్టు దొరికేలా చేశాడు. పట్టి గుంజినప్పుడల్లా కారు ఊగింది. ఊగినప్పుడల్లా తాత దిమ్మెల మీద చెయ్యి వేశాడు. చివరికి ముక్క ఊడింది. కొత్త స్టడ్డు ఎక్కింది.

ఆ రోజు జాకీ జారలేదు. కారు బరువు దిమ్మెల మీద పడనే లేదు. అమ్మ మాత్రం కరీంనగర్‌లో ఆ సాయంత్రమే పోయింది. ఇంకొంచెం ముందు తెస్తే బతికేదా అని కాక డాక్టరును పట్టుకుని అడిగాడు. చెప్పలేనన్నాడు ఆయన.

చావు ఇంట్లో జనం ఊరుకోలేదు. దిమ్మెలు పేర్చి బిడ్డను చంపుకున్నాడని తాత చెవిన పడేట్టే అన్నారు. నాయన వచ్చి తాత పక్కన నేల మీద కూర్చున్నాడు. "అవి పెట్టకపోతే దక్కేదా మామా?" అని అడిగాడు.

"ఏమో బిడ్డా," అన్నాడు తాత. అంతకు మించి ఒక్క మాట చెప్పుకోలేదు, బతికినన్నాళ్ళూ.

నాకిప్పుడు మనవలున్నారు. ఇంటిలో ఏదో ఒక తొందర వస్తూనే ఉంటుంది. అందరూ నన్ను తోసుకుంటూ పరుగెత్తమన్నప్పుడు, ఆ పరుగులో ఎవరిని కిందికి పంపుతున్నామో చూసి గానీ నేను కదలను. తిట్లు పడతాను. తాత చేసింది ఒప్పేనా అని ఎవరన్నా అడిగితే నాకూ జవాబు తెలియదు. ఆ కొంచెం సేపు మా అమ్మను బతికించేదో లేదో ఎవరూ చూడలేదు. కారు కింద నుంచి కాక మోచేతుల మీద పాకుతూ వెలుతురులోకి రావడం, అతని చిన్న బిడ్డ ఉరికి వచ్చి ఆ మసి మెడను కావలించుకోవడం మాత్రం నేను నా కండ్లతో చూశాను.