కొత్త బోరు బళ్లు

గుండె ఆపరేషన్ అయి మత్తు దిగగానే వెందెలీన్ కళ్లు తెరిచి భార్యని అడిగిన మొదటి మాట, "షెడ్డు కారుతోందా?" అని. షెడ్డులో ఉన్నది జావా మోటారు సైకిలు. రాత్రంతా ఆస్పత్రి కుర్చీలో కూర్చున్న అనేష్కకి ఒళ్లు మండిపోయింది.

"నా సవతికేం, నిక్షేపంలా ఉంది. దుప్పటి కప్పి మరీ వచ్చాను. నీ సంగతి చూసుకో ముందు," అంది. ఆ తర్వాత వరండాలోకి పోయి కాసేపు ఏడ్చింది. బండి సంగతి అడిగాడంటే మనిషి బతికినట్టేనని ఆవిడ లెక్క.

చెక్ దేశపు మొరావియా కొండల్లో పోస్టాఫీసు వ్యాను తోలి రిటైరైన మనిషి వెందెలీన్. పుట్టు మూగ కాదుగానీ దానికి పెద్ద దూరంలోనూ లేడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ గుమ్మాల ముందు నిలబడి "ఇక్కడ సంతకం పెట్టండి" అనడమే ఆయన మాట్లాడిన మాట. ఒకరోజు పార్సిలు ఇవ్వడానికి పోతే ఓ ముసలావిడ కోళ్ల గూట్లో ఎర్ర రంగు జావా కనపడింది. రెండు సిలిండర్ల పాత బండి. సీటు మీద కోడి పొదిగి కూర్చుంది. ఆవిడ దాన్ని అమ్మనంది. గూటి కప్పు బాగు చేసి పెడితే ఊరికే తీసుకుపొమ్మంది. వెందెలీన్ కప్పు వేసి, కోడికి వేరే చోటు చూపించి, బండిని ఇంటికి తోసుకొచ్చాడు.

దాన్ని మళ్లీ బండి చెయ్యడానికి ఏళ్లు పట్టింది. బేరింగులు కూర్చోవాలంటే ఇంజను డొక్కు, అదే బయటి ఇనప గుల్ల, బాగా వేడెక్కాలి. అంత వేడి ఇచ్చేది ఇంట్లో ఒక్కటే, అనేష్క రొట్టెల పొయ్యి. ఆవిడ చర్చికి వెళ్లిన పూట చూసి ఆ పని కానిచ్చాడు. ఆ వారం ఆవిడ అందులో కాల్చిన, ఇంజనాయిలు వాసన కొట్టే ప్లమ్ జామ్ కొలాచ్ రొట్టెలు తిన్న చుట్టాలు ఇప్పటికీ మూతులు తుడుచుకుంటారు. పొయ్యి మీద చెయ్యి వేస్తే విడాకులేనని ఆవిడ చెప్పింది. ఆయన ఒప్పుకుని, పాత పొయ్యి ఒకటి సంపాదించి షెడ్డులో పెట్టుకున్నాడు.

ఆ పొయ్యే ఆయనకి మనుషుల్ని తెచ్చిపెట్టింది. చుట్టుపక్కల పాత బండి ఉన్నవాడెవడు ఇంజను విప్పినా డొక్కు పట్టుకుని అక్కడికే రావాలి. డొక్కు కాలేలోపు కబుర్లు చెప్పాలి. అలా వచ్చినవాళ్లే మాంసం కొట్టు రోస్త, బడిపంతులు చెస్త్‌మీర్, రైల్వే గేటు దగ్గర పనిచేసే యిత్క. నోరు లేని తనకి ఇంతమందిని ఇచ్చిందని వెందెలీన్ ఆ బండికి లోలోపల దండం పెట్టుకునేవాడు.

మే నెల మొదటి ఆదివారం వీళ్లంతా కొండ మీది చర్చికి బళ్లేసుకుని పోతారు. ఫాదర్ బళ్ల మీద పవిత్ర జలం చల్లుతాడు. చెప్పుకోవడానికి అది భక్తి. నిజానికి పందెం. రోస్త ముందు దూసుకుపోతాడు, వెనకబడ్డవాడికి ఏడాదంతా పరువుండదు. రెండేళ్ల కిందట ఆఖర్న వచ్చిన చెస్త్‌మీర్‌కి 'నత్త మాస్టారు' అని పేరు పెట్టింది సాక్షాత్తూ వెందెలీనే. ఎప్పుడూ మాట్లాడని మనిషి ఒక్క మాట అంటే అది అతుక్కుపోతుంది. బడిలో పిల్లలు కూడా అదే పేరుతో పిలుస్తున్నారు పాపం.

ఈసారి డాక్టరు వెందెలీన్‌తో, "బండి నడపొచ్చు. కానీ స్పీడు నలభై దాటారా, నన్నడగొద్దు," అన్నాడు. నలభైలోనే పోతే తను కొండ సగం ఎక్కేసరికి మిగతావాళ్లు దిగొస్తుంటారు. లేదా తన కోసం మలుపు మలుపుకీ ఆగి, వాచీలు చూసుకుంటూ నిలబడతారు. ఒకళ్లకి బరువవడం కన్నా మానుకోవడం మేలనుకున్నాడు. ఈసారి మానుకుంటే ఇక ఎప్పటికీ ఎక్కలేనని కూడా ఆయనకి తెలుసు. శనివారం అనేష్కతో, "రేపు వెళ్లను. ప్లగ్గులు బాలేవు," అన్నాడు.

"అవునా, ప్లగ్గులా?" అని ఆవిడ సంచీ పట్టుకుని రోస్త మాంసం కొట్టుకి పోయి గంటకి గానీ రాలేదు. అరకేజీ మాంసానికి అంతసేపు పట్టదు.

ఆదివారం పొద్దున్నే గేటు ముందు బళ్ల మోత. వెందెలీన్ చెప్పులతోనే బయటికొచ్చాడు. ముగ్గురూ బళ్ల మీద ఉన్నారు. ముగ్గురి వీపులకీ అట్టముక్కలు వేలాడుతున్నాయి. వాటి మీద ఒకటే మాట: 'కొత్త బోరు'. బోరు చేయించిన, అంటే ఇంజను సిలిండరు లోపల కొత్తగా తొలిపించిన బండిని కొన్నాళ్లు నెమ్మదిగా నడపాలి. వెనకవాళ్లు హారన్ కొట్టకుండా ఆ ఊళ్లలో అలా అట్ట తగిలించుకోవడం పాత అలవాటు.

"ఏం చెయ్యమంటావన్నా," అన్నాడు రోస్త, "చలికాలంలో పిస్టన్ పట్టేసింది. బోరు చేయించా. నలభై దాటకూడదంట, నా ఖర్మ!"

"నాదీ అంతే," అంది యిత్క.

"నీది కూడానా మాస్టారూ?" అన్నాడు వెందెలీన్.

"నత్తకి బోరు చేయిస్తే ఎలా ఉంటుందో చూద్దామనీ," అన్నాడు చెస్త్‌మీర్.

వెందెలీన్ ముగ్గురి ఇంజన్ల వైపూ చూశాడు. బోరు చేయిస్తే ఇంజను విప్పాలి. విప్పితే డొక్కు తన పొయ్యి దగ్గరికి రావాలి. తను మంచం పట్టిన దగ్గర్నుంచీ షెడ్డుకి తాళం. ఒక్క డొక్కూ రాలేదు.

ఆయన లోపలికి పోయి బూట్లు వేసుకొచ్చాడు.

"కిక్కు నేను కొట్టనా అన్నా?" అన్నాడు రోస్త.

"నా బండి మీద కాలేశావంటే ఆ కాలు నీ కొట్లోనే వేలాడదీస్తా."

రెండో కిక్కుకే జావా అందుకుంది. గుమ్మంలో నిలబడ్డ అనేష్క కొంగు లాంటి తన ఏప్రన్‌తో ముక్కు తుడుచుకుని, "పొగ పొగ చేసి పారేశారు, పోండి ఇక!" అని కసిరింది.

నలభైలోనే పోయారు. సైకిళ్లవాళ్లు దాటిపోయారు. పాలలారీ ఒకటి వెనకాల చాలాసేపు ఓపిక పట్టింది. ఈ బళ్లకి పెట్రోల్లో నూనె కలిపి పోస్తారు. మరీ నెమ్మదిగా నడిపితే ప్లగ్గుకి మసి పట్టి ఆగిపోతాయి. కొండ మొదట్లో యిత్క బండి ఆగింది. మలుపులో రోస్తది ఆగింది. జన్మలో ఎవరి వెనకా పోని రోస్త, రోడ్డు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ప్లగ్గు గీకుతూ, "కొత్త బోరంటే ఇంతే మరి," అని ఈల వేశాడు. వెందెలీన్ తన జేబులోంచి మంచి ప్లగ్గు తీసి చేతికిచ్చాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

వాళ్లు చేరేసరికి పూజ అయిపోయింది. ఫాదర్ భోజనం మధ్యలోంచి లేచొచ్చి నీళ్లు చల్లాడు. నలుగురూ చర్చి గోడ మీద కూర్చుని పులిసిన కేబేజీ చారు తాగారు. వెందెలీన్ గుండె నిండిపోయి ఉంది. ఇలాంటి మనుషులు తనకి దొరకడానికి తనేం చేశాడో ఆయనకి అర్థం కాలేదు. ఏదో ఒకటి అనాలి. అనడం ఆయనకి ఎప్పుడు చాతనైంది గనక? చారు చల్లారిపోయాక గిన్నె పక్కన పెట్టాడు.

"రోస్తా, ఎవడ్రా మీకు బోరు చేసింది?"

రోస్త చెంచా ఆగింది. "పట్నంలో... ఒకాయన. నీకు తెలీదు."

"మంచి పనివాడు," అన్నాడు వెందెలీన్. "కనపడితే నా మాటగా చెప్పు. ఇంత బాగా చేసినవాణ్ని నేను చూడలేదని చెప్పు. వాడి రుణం నేను తీర్చుకోలేనని చెప్పు."

యిత్క కొండల వైపు తిరిగిపోయింది. రోస్త గిన్నెలో మిగిలిన చారు ఒక్క గుక్కలో తాగేశాడు.

"చెప్తానన్నా," అన్నాడు. "ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. ఈ బోరు ఒక పట్టాన కుదురుకునేది కాదంట. వచ్చే ఏడూ, ఆ పై ఏడూ కూడా ఇలాగే నెమ్మదిగా నడపాలంట."