పేరు చెప్పి చంపు

జానకిరామయ్య మాస్టారు ఉన్నచోట పురుగును చంపాలంటే ముందు దాని పేరు చెప్పాలి. పేరు తెలియని ప్రాణిని చంపడం ఆయన చట్టంలో నేరం. చిలకలూరిపేట నుంచి పర్చూరు పోయే దారిలో ఉన్న ఆ పల్లెలో ఈ చట్టానికి లొంగనివి రెండే, బల్లీ కప్పా. ఆయన అడిగేలోగానే అవి మింగేసేవి.

ఒకనాడు పంచాయతీ అరుగు మీద మాస్టారి బట్టతల మీద దోమ వాలింది. పక్కనే ఉన్న యలమందయ్య మర్యాద కొద్దీ చెయ్యెత్తాడు.

"ఆగు! ఏమిటది?"

"దోమండీ."

"దోమ అనేది ఇంటిపేరు. అసలు పేరు చెప్పు."

యలమందయ్య బుర్ర గోక్కుంటూ ఉండగా దోమ తీరిగ్గా భోంచేసి వెళ్ళిపోయింది.

గుంటూరు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరై వచ్చిన మనిషి. ఆయన భార్య బాలత్రిపురసుందరి గారి బాధ వేరు. "ముప్పై ఏళ్ళయినా మా చెల్లెలి పేరు ఆయన నోటికి రాదు. కందిపప్పులో పురుగొస్తే మాత్రం దాని వంశమంతా ఏకరువు పెడతారు. అది అయ్యేసరికి పప్పు పిండవుతుంది!" అనేవారు.

పురుగుల పిచ్చి మాస్టారని ఊరు నవ్వింది. నవ్వడమే గాని, పత్తీ మిరపా సాగు పెరిగాక ఆ చేలల్లో గోరింకలు తగ్గాయని, తేనెపట్టు కనిపించి నాలుగేళ్ళయిందని ఎవరూ అనుకోలేదు. అందరి చూపూ పురుగుమందు డబ్బాల మీదే.

రెండువేల రెండులో యలమందయ్య మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాడు. అంతకుముందు ఏడాది పదకొండుసార్లు మందు కొట్టినా ఆకుముడత వదల్లేదు. ఈ పంటా పోతే ఇక చేను వదిలేసి చీమకుర్తి క్వారీలో రాళ్ళు మోసుకోవాల్సిందే. సరిగ్గా పూత మీద ఉండగా ఆకుల కింద రసం పీల్చే పేనుబంక దిగింది. దాంతోపాటే నల్లగా, ఒళ్ళంతా ముళ్ళతో ఇంకేదో పురుగు. యలమందయ్య మందుల కొట్టుకి పరిగెత్తాడు. మూడు రకాల డబ్బాలు తెచ్చి గట్టు మీద పెట్టి, పంపు కొట్టే నాగూర్ వలికి కబురు పెట్టాడు.

మూత తీసేలోపల మాస్టారి లూనా వచ్చి గట్టు మీద అడ్డంగా పడింది. పడేసింది ఆయనే. సాలు మధ్యకు వచ్చి గొడుగు పాతినట్టు నిలబడ్డారు.

"దేన్ని చంపుతున్నావు? పేరు చెప్పు."

"పేరెందుకండీ! నల్లగా ముళ్ళు ముళ్ళుగా ఉంది. మిరప తినటానికే వచ్చింది."

"తింటుంటే చూశావా?"

"చూసేదేముందండీ, మొహం చూస్తేనే తెలుస్తంది!"

మాస్టారు జేబులోంచి భూతద్దం తీసి చేతికిచ్చారు. యలమందయ్య విసుక్కుంటూ వంగాడు. ఆ ముళ్ళ పురుగు పేనుబంకను పట్టుకుని కరకరా నమిలేస్తోంది.

"అది అక్షింతల పురుగు పిల్ల."

"అక్షింతల పురుగు ఎర్రగా గుండ్రంగా ఉంటది గదండీ!"

"నువ్వు మీసాలతో పుట్టావా?"

నాగూర్ వలి పంపు దింపి, గట్టు మీద చతికిలబడి నవ్వాడు.

"పదిరోజులు ఆగు. నీ చేలో నీకు తెలియకుండా పనివాళ్ళు దిగారు. వాళ్ళ నెత్తిన విషం పోస్తావా?" అన్నారు మాస్టారు.

అక్కడే ఉన్న యలమందయ్య భార్య రాజ్యం ధైర్యంగా, "ఆగుదాం లెండి" అంది. యలమందయ్యకు మాత్రం కంటిమీద కునుకు లేదు.

ఐదో రోజుకీ పేనుబంక పూర్తిగా పోలేదు. ఆ రోజే పురుగుమందుల కంపెనీ వాళ్ళు ఊళ్ళో షామియానా వేసి, బిర్యానీ వండించి, టోపీలు పంచారు. టై కట్టుకున్న కుర్ర ఆఫీసరు మైకులో, "పురుగు మీద జాలిపడితే మీ కడుపులెవరు నింపుతారండీ?" అన్నాడు. చప్పట్లు మోగాయి. యలమందయ్య చేతిలో ఉచిత శాంపిల్ సీసా కూడా పడింది. చేలోకి పోగానే కొట్టేద్దామని నిశ్చయించుకున్నాడు.

అప్పుడు మాస్టారు లేచి, ఆఫీసరు చేతిలోంచి మైకు లాక్కున్నారు. సంచిలోంచి లావుపాటి పుస్తకం తీశారు.

"అయిపోయాం! పురుగుల పేర్లన్నీ చదువుతాడు. బిర్యానీ చల్లారిపోద్ది" అని వెనక ఎవరో మూలిగారు.

మాస్టారు చదివారు.

"నాగూర్ వలి. పోయిన ఏడు పత్తికి కొడుతూ రెండుసార్లు పడిపోయాడు. ఆదెమ్మ. మందు కొట్టిన మర్నాడు కాయ కోసింది, వారం రోజులు చూపు మసక. పీరు. చేతులు వణుకు, గ్లాసు పట్టుకోలేడు. యలమందయ్య. పదకొండుసార్లు కొట్టాడు, నాలుగుసార్లు వాంతులు. పెళ్ళానికి చెప్పింది ఒక్కసారి."

"ఏందీ, నాలుగా!" రాజ్యం ఆడవాళ్ళ వరసలోంచి లేచింది. యలమందయ్య టోపీ కళ్ళమీదకి లాక్కున్నాడు.

"నలభై రెండు మంది ఉన్నారు ఇందులో, నేను కళ్ళారా చూసి రాసుకున్నవాళ్ళు. 'ఒంట్లో ఎలా ఉందిరా' అని మిమ్మల్ని అడిగితే 'రాయిలా ఉన్నానండీ' అంటారు. పురుగు పేరు అడిగితే నన్ను తిట్టుకుంటూ అయినా పంపు దింపుతారు. తిట్టినంతసేపూ మంచి గాలి పీలుస్తారు. పదేళ్ళుగా అందుకే అడుగుతున్నాను" అన్నారు మాస్టారు. ఆఫీసరు వైపు తిరిగి, "మీ కంపెనీ లెక్కల్లో వీళ్ళ పేర్లు ఉన్నాయా? లేకపోతే ఈ పుస్తకం నకలు ఇస్తాను. తీసుకెళ్ళి మీ పెద్దవాళ్ళకు చూపించండి!" అని గర్జించారు.

 నాగూర్ వలి చెయ్యెత్తాడు.

"రెండు గాదు సార్, మూడు. వాగు కాడ పడ్డది మీరు చూళ్ళా."

అంతే, జనం తేనెటీగల్లా మాస్టారి చుట్టూ మూగారు. "నా పేరు రాయలేదేందండీ?", "నాకూ వాంతులైనయ్ గదా!", "ముందు నేనొచ్చా, నన్ను రాసుకోండి!" బిర్యానీ దగ్గర కూడా అంత తోపులాట జరగలేదు. ఆ సందట్లో రాజ్యం మొగుడి చేతిలోని సీసా తీసుకెళ్ళి ఆఫీసరు బల్లమీద ఠపీమని పెట్టి వచ్చింది.

పదిరోజులు గడిచేసరికి చేను తేటపడింది. కాలవ పక్క రెండు సాళ్ళు మాత్రం పేనుతోనే ఉండిపోయాయి. ఆ సంగతి విని ఆఫీసరు మోటారు సైకిలు వేసుకుని వచ్చాడు.

"చూశారా? మా మందు కొట్టి ఉంటే ఆ రెండు సాళ్ళూ దక్కేవిగా."

యలమందయ్య గట్టు మీద నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు.

"ఏందయ్యా దక్కేది? మా చేలో పనోళ్ళు ఉన్నారు. వాళ్ళకి సద్ది కావద్దూ? ఆ రెండు సాళ్ళూ వాళ్ళ సద్ది. పనోళ్ళకి నేను కూడు పెట్టుకుంటే మధ్యలో నీకేం నొప్పి?"