ఇరవై నిమిషాలకో కూత

పుంజు బాబాయ్ ఇరవై నిమిషాలకోసారి కోడిలా కూస్తాడు. అదొక్కటి తప్పిస్తే లక్షణమైన మనిషి. ఆ కూత కూడా వచ్చీరానిది కాదు. మునివేళ్ల మీద లేచి, మెడ సాచి, చేతులు రెండూ వెనక్కి విదిల్చి, నిజం పుంజులు సిగ్గుపడేట్టు కూస్తాడు. కూసినంతసేపూ ఎదుటివాళ్లు కళ్లు మూసుకోవాలి. ఒక్కరు మూసుకోకపోయినా మళ్లీ మొదటినుంచి అందుకుంటాడు.

ఆయన పనిచేసేది కంటిచుక్కల మందు తయారుచేసే చిన్న కర్మాగారంలో. కళ్లలో తడి ఆరిపోయి, ఇసుక పడ్డట్టు గరగరలాడేవాళ్లు వేసుకునే చుక్కలవి. పుంజుల తలమీది ఎర్ర తురాయిలు మంచులో గడ్డకట్టి పెట్టెల్లో వస్తాయి. వాటిని కడిగి, రుబ్బి, తేటైన జిగురు తియ్యడం బాబాయ్ పని. ఆ జిగురుతోనే మందు తయారవుతుంది. ఒక సోమవారం ఉన్నట్టుండి ఈ కూత మొదలుపెట్టాడు. ఇదేం పిచ్చని అడిగితే, తురాయిలు ఇచ్చిన జీవాల్ని ఆ మాత్రం తలుచుకోవద్దా అని ఎదురు దబాయించాడు.

మేనేజరు సీసాల గదిలో నిలబడి పై ఆఫీసువాళ్లతో ఫోన్లో మాట్లాడుతుంటే వెనకనించి కూశాడు. మీరు మందులు చేస్తున్నారా, కోళ్లు పెంచుతున్నారా అని అవతలివాళ్లు అడిగారట. ఇంటికెళ్లే బస్సులో కూశాడు. కండక్టరు దింపేస్తే, కింద నిలబడి మిగతా సగం పూర్తిచేసి మరీ నడిచెళ్లాడు. ఇంట్లో ఎలా భరిస్తున్నావమ్మా అని పిన్నిని అడిగితే, ఇంట్లో ఒక్కనాడూ కూయలేదే అని ఆవిడ తెల్లబోయింది. మొగుణ్ణి వెనకేసుకొస్తోందని అందరూ నవ్వుకున్నారు.

బస్సులో ఆ రోజు పక్కసీట్లో తలదించుకు కూర్చున్నది గద్ద. సీసాలు చూసే బల్ల దగ్గర పదకొండేళ్లుగా ఆమెదే మొదటి కుర్చీ. ప్రతి సీసానీ తలకిందులు చేసి, ఒకసారి నల్ల పలక ముందు, ఒకసారి తెల్ల పలక ముందు పట్టి చూడాలి. నలుసు ఉంటే పక్కన పెట్టాలి. మిషను వదిలేసిన నలుసుని కూడా ఆమె పట్టేసేది. ఆ పేరు అలా వచ్చిందే.

అలాంటి గద్ద కళ్లు ఆరిపోతున్నాయి. పావుగంట తేరిపార చూస్తే చాలు, మంట. సీసాలన్నీ మసకమసగ్గా కనిపించేవి. ఎనిమిది నెలల క్రితం ఒక శనివారం, నూలుపోగు ఉన్న సీసాని బాగున్నవాటిలో పెట్టేసింది. సోమవారం వచ్చేసరికి ఆ సీసా ఒక్కటీ ఆమె బల్ల అంచున ఉంది. ఎవరు పెట్టారో తెలీదు, ఎవరూ ఏమీ అనలేదు. ఆమెకు మాత్రం ఆ రోజునుంచి అన్నం సయించలేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే సంగతి బయటికి పొక్కుతుందని భయం. ఆ బల్ల పోతే ఆ కర్మాగారంలో ఆమెకు ఇంకో కుర్చీ లేదు.

ఏటేటా జరిగే చూపు పరీక్ష రానే వచ్చింది. ఈసారి పరీక్ష పెట్టడానికి బయటినుంచి తనిఖీ అధికారిణి దిగింది. రెండు వందల సీసాలు, వాటిలో పన్నెండు చెడ్డవి. పన్నెండూ పట్టాలి, అదీ నలభై నిమిషాల్లో. మేనేజరు ముందుగానే బాబాయ్‌ని పిలిచి, ఇవాళ గొంతు లేచిందంటే రేపట్నించి రానక్కర్లేదని చెప్పేశాడు. బాబాయ్ బుద్ధిగా తలూపాడు.

గద్ద మొదలుపెట్టింది. నలుపు, తెలుపు, పక్కకి. నలుపు, తెలుపు, పక్కకి. పదిహేను నిమిషాలకు ఆరు దొరికాయి. ఆ తర్వాత మంట మొదలైంది. తొంభయ్యో సీసాలో కనిపిస్తున్నది నలుసో, తన కంటి మసకో తేలక దాన్నే మళ్లీ నల్ల పలక ముందు పట్టింది. కళ్లు మూసుకుందామంటే అధికారిణి ఎదురుగా కూర్చుని రెప్ప వెయ్యకుండా చూస్తోంది. గోడగడియారం ఇరవయ్యో నిమిషం దాటుతోంది. ఇన్నాళ్లూ విసుక్కున్న ఆ కూత ఇప్పుడొస్తే ఎంత బాగుండునని గద్ద జన్మలో మొదటిసారి అనుకుంది.

వచ్చింది.

గుమ్మంలో బాబాయ్ మునివేళ్ల మీద లేచి, కిటికీ అద్దాలు అదిరేట్టు కూస్తున్నాడు. మేనేజరు మొహంలో నెత్తురుచుక్క లేదు. గద్ద చటుక్కున కళ్లు మూసుకుంది. అధికారిణి మూసుకోలేదు. అంచేత బాబాయ్ మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు. రెండోసారి ఆవిడ దడుచుకుని మూసుకుంది. రెప్పల కింద గద్దకు కాస్త తడి ఊరింది.

ఇదేమిటని అధికారిణి అడిగింది. మేనేజరు నోరు తెరిచేలోపు బాబాయ్ గోడకి తగిలించిన పనివిధానం కాగితం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

"పదకొండో అంశం చదవండమ్మా."

ఆవిడ పైకే చదివింది. ఇరవై నిమిషాలకోసారి గదిలో పెద్దగా శబ్దం చేయవలెను. అందరూ కళ్లు మూసుకొని విశ్రాంతి ఇవ్వవలెను. శబ్దం చేయువారు రానిచో మేనేజరే చేయవలెను. కింద మేనేజరు సంతకం. ఆ మహానుభావుడు చదవకుండా పెట్టిన సంతకాల్లో అదొకటి.

"మంచి పద్ధతే. కానీ గంట పెట్టుకోవచ్చుగా?" అంది అధికారిణి.

"గంట కొడితే పనిలో పడి వినిపించుకోరమ్మా," అన్నాడు బాబాయ్.

కూత సమయం తీసేసి లెక్కగట్టమంది ఆవిడ. గద్ద మళ్లీ కూర్చుంది. నలుపు, తెలుపు, పక్కకి. పన్నెండోది నూట తొంభై ఏడో సీసాలో దొరికింది. సన్నటి నూలుపోగు.

సాయంత్రం హాజరు సంతకం పెట్టబోతూ గద్ద ఆ పనివిధానం కాగితం మీద తేదీ చూసింది. ఎనిమిది నెలల క్రితంది. ఆ సోమవారమే. అక్కణ్ణించి తిన్నగా తురాయిలు కడిగే గదికి వెళ్లింది.

"బాబాయ్, ఇంట్లో ఎందుకు కూయరు?"

బాబాయ్ చేతులు తుడుచుకున్నాడు.

"ఇంట్లో ఎవరి కళ్లు మండుతున్నాయమ్మాయ్?"

ఆ నూలుపోగు సీసా బల్ల అంచున పెట్టింది ఆయనేనని, ఆ రోజునుంచి గద్ద సీసాల ట్రేలన్నీ సాయంత్రం ఇంకోసారి చూస్తున్నాడని అప్పుడు బయటపడింది. ఆ తర్వాత సీసాల్లో ఏం తేడా రాలేదు గానీ, ఇలా దాచుకుంటే కళ్లు పోతాయని కోప్పడ్డాడు కూడా. మన మందే ఒక సీసా ఇప్పించండి అని అడిగితే, డాక్టరు చీటీ లేకుండా చుక్క కూడా దక్కదన్నాడు. రేపు ఇద్దరం సెలవు, నేనే తీసుకెళ్తానన్నాడు.

మర్నాడు డాక్టరు చూసి, ఇది తగ్గే జబ్బే, భయం లేదన్నాడు. చీటీ రాసిచ్చాడు. ఆ మరుసటి రోజు గద్ద పనిలోకి వచ్చేసరికి, ముందురోజంతా ఎలా గడిచిందో చెప్పడానికి తోటివాళ్లు పోటీలు పడ్డారు. పదకొండో అంశం ప్రకారం మేనేజరే కూశాడట. పొద్దున్న గొంతు పెగల్లేదట. మధ్యాహ్నానికి మునివేళ్ల మీద లేచాడట. సాయంత్రం ఎవరో కళ్లు మూసుకోలేదని మళ్లీ మొదటినుంచి కూశాడట.

ఇంతలో టైమైంది. గుమ్మంలో బాబాయ్ మెడ సాచాడు. గద్ద కంట్లో చుక్క వేసుకుని, నవ్వుతూ కళ్లు మూసుకుంది.