ప్రెస్సు పక్కన పాట

గుండ్లపోచంపల్లిలో స్టీలు మూతలు కొట్టే ప్రెస్సు దగ్గర రెబెక్కా పని. ఆ ప్రెస్సు మోత మామూలు మోతా! దెబ్బ పడితే గుండెలో పడ్డట్టుండేది. ఏదైనా చెప్పాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సిందే.

ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది కూడా రెబెక్కాయే. ఈమధ్య రాగం ఎక్కడికో పోతోందని, క్రిస్మస్‌కు చర్చిలో ఇంకో అమ్మాయి రేచల్ చేత పాడిద్దామని పాస్టరమ్మ మెల్లగా అన్నది. రెబెక్కా ప్రాణం చివుక్కుమంది. ఆ పాట కూడా పోతే ఇక తనకేం మిగులుతుంది?

ఆ వారమే స్రవంతి వచ్చింది. కంపెనీల్లో మోత, దుమ్ము కొలిచే ఉద్యోగం ఆమెది. రెబెక్కా భుజానికి అగ్గిపెట్టెంత మీటరు తగిలించి, పొద్దంతా దూరంగా కూర్చుని చూసింది. రెబెక్కాకు ఇయర్‌ప్లగ్గులున్నాయి, పెట్టుకుంటోంది కూడా. మరి వినికిడి పరీక్షలో చెవులు చెడుతున్నట్టు ఎందుకొచ్చింది? మధ్యాహ్నానికి సంగతి దొరికింది. మేస్త్రీ బాలనర్సయ్య దగ్గరికొచ్చినప్పుడల్లా ఈవిడ ప్లగ్గులు తీసి చేతిలో పట్టుకుంటోంది. ఆయనేమో ఊరికే వస్తూనే ఉంటాడు!

అడిగితే రెబెక్కా తెల్లబోయింది.

"పెద్దమనిషి మాట్లాడుతుంటే చెవులు మూసుకొని నిలవడుతరా మేడం?"

స్రవంతి నవ్వలేదు. పోయిన వినికిడి తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవాలని చెప్పింది. మనుషుల చెవులు మూయడం తర్వాత, ముందు ఆ ప్రెస్సు మోతను మూయండని యజమానితో గట్టిగా అన్నది.

ప్రెస్సు కింద రబ్బరు దిమ్మెలు వేశారు. రేకు పోయే సందు వదిలి, చుట్టూ మందపాటి పలకలతో గది కట్టారు. స్రవంతి మళ్లీ కొలిచి, ఇక ప్లగ్గులు అక్కర్లేదన్నది. స్విచ్చు వేశారు. రెబెక్కా అలాగే నిలబడిపోయింది. ప్రెస్సు ఆడుతోంది, మూతలు వస్తున్నాయి, మోత మాత్రం పక్కింట్లో ఎవరో పసుపు దంచుతున్నట్టుంది. నెత్తిమీద ఫ్యాను కిర్రుమంటోంది. హైవే మీద హారన్లు! ఇదంతా ఇన్నేళ్లూ ఇక్కడే ఉందా, దేవా!

ఆ ఆశ్చర్యంలోనే చేతులు పనిలో పడ్డాయి, పెదాలు అలవాటుగా కదిలాయి. రెండో చరణంలో రాగం జారింది. జారినట్టు తనకే తెలిసింది! సరిచేసుకుని మళ్లీ ఎత్తుకుంది. తలెత్తేసరికి షెడ్డంతా తనవైపే చూస్తోంది. బాలనర్సయ్య దూరం నుంచే, మామూలు గొంతుతో అడిగాడు.

"ఎప్పటిసంది పాడుతున్నవు రెబెక్కా, ఈడ?"

"పనిల చేరినప్పటిసంది రోజు పాడుతనే ఉన్న, అన్నా," అన్నది రెబెక్కా. "నాకు గూడ ఇయ్యాల్నే వినవడ్డది."